దోన్యా ఎదిల్మా దిద్దుబాట్లు

ఆల్తో గువామో పేట వాట్సాప్ గ్రూపులో నూట ఎనభై మూడు మంది ఉన్నారు. అందులో నూట ఎనభై రెండు మంది రాస్తారు, ఒకావిడ దిద్దుతుంది.

ఆవిడ పేరు ఎదిల్మా ఒకాంపో. మనం అమ్మగారు, అయ్యగారు అన్నట్టు అక్కడ పెద్ద ఆడవాళ్లని దోన్యా అనీ మగవాళ్లని దోన్ అనీ అంటారు. వయసు డెబ్బై ఒకటి. వాగు పక్క సందులో మూడో ఇల్లు. పొద్దున్నే కాఫీ పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఫోను తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఎవరైనా ఏదైనా రాయడం ఆలస్యం, కింద నక్షత్రం లాంటి ఒక చుక్క గుర్తు, దాని పక్కన సరైన మాట వచ్చి కూర్చుంటాయి. అంతకు మించి ఒక్క ముక్క ఉండదు. తిట్టదు, వెక్కిరించదు, శుభోదయం కూడా చెప్పదు. "మా పిల్లి తప్పిపోయింది, గోదుమ రంగు, తోక పొట్టి" అని ఒక ఇల్లాలు ఏడుస్తూ రాస్తే కింద "*గోధుమ" అని పెట్టింది. పిల్లి ఇప్పటికీ దొరకలేదు గానీ ఒత్తు మాత్రం ఆ పూటే దొరికింది.

రొట్టెల కొట్టు నోరిదా ఆ గ్రూపుకి పెద్ద. ఆమె పెట్టే ప్రకటనల్లో ఎదిల్మా చెయ్యి పడనిది లేదు. దర్జీ దోన్ అర్సెసియో ఒకసారి "బడి యూనిఫారాలు కుట్ట బడును" అని పెడితే, కలిపి రాయాలని దిద్దింది. "కలిపి కుట్టడం నా పని దోన్యా, కలిపి రాయడం మీ పని" అని ఆయన జవాబిచ్చాడు. పేటంతా రెండు రోజులు నవ్వుకున్నారు. ఎదిల్మా నవ్వలేదు. ఆ జవాబులో తప్పు లేదు కాబట్టి ఊరుకుంది, అంతే.

ఇదేదో పని లేని ముసలమ్మ పిచ్చి అనుకునేవాళ్లు పేటలో చాలామంది ఉన్నారు. నేను అలా అనను. మానిసాలెస్ నగరం దినపత్రికలో ముప్ఫై నాలుగేళ్లు అచ్చు దిద్దిన మనిషి ఆవిడ. అన్నంలో రాయి వస్తే నమిలి మింగేయమంటే ఎవరు మాత్రం మింగుతారు? ఆవిడకి తప్పు అక్షరం పంటి కింద రాయి. మనకి కనపడదు, ఆవిడకి కటుక్కుమంటుంది.

ఆ పనికి ఒక పద్ధతి ఉండేది. ఇద్దరు ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. హిల్దార్దో అనే ఆయన రాతప్రతి పట్టుకుని పైకి చదివేవాడు, కామాలతో సహా, ఫుల్‌స్టాపులతో సహా, ఒకే గొంతున, జపం చేసినట్టు. ఎదిల్మా అచ్చు కాగితం మీద పెన్సిలు ఆనించి ఒక్కో అక్షరం చూసుకుంటూ పోయేది. వినడం ఆయన గొంతుని, చూడడం అక్షరాన్ని. అర్థం జోలికి మాత్రం పోకూడదు. అర్థం వెంట పడితే కన్ను పరిగెత్తుతుంది, పరిగెత్తే కన్ను తప్పుని దాటేస్తుంది. అందుకని ఆవిడ వార్తల్ని చదవకుండా చదవడం నేర్చుకుంది. రేపటి పేపర్లో ఏముందే అని మొగుడు అడిగితే, ఆరో పేజీలో కామాలు ఎక్కువున్నాయి అని చెప్పేది. తనని పెంచిన మేనత్త చావు కబురు ఆవిడ పెన్సిలు కిందనుంచే పోయింది. ఇంటిపేరులో ఒక అక్షరం సరిచేసి పంపింది. మర్నాడు చర్చి గంట మోగితే, ఎవరు పోయారని పక్కింట్లో అడిగింది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ఆ బల్ల తీసేశారు. మొగుడు పోయాడు, హిల్దార్దో పోయాడు. చేతిలో ఫోను మిగిలింది.

ఇక రుబియేలా సంగతి. పేటకి పైన, రెండొందల ముప్ఫై మెట్లు ఎక్కితే, కొండ అంచున రేకుల ఇల్లు ఆమెది. కొండ కాపలా ఆడవాళ్లలో ఒకతె. వాననీళ్లు కొండలోకి ఇంకిపోకుండా సిమెంటు కాలవలు కట్టారు గదా, వాటిల్లో ఆకూ చెత్తా ఎత్తిపోస్తూ, ఎక్కడైనా నేల నెర్రె ఇస్తే కబురు చేస్తూ తిరుగుతుంది. మూడో తరగతితో బడి మానేసింది. అయినా వానాకాలంలో పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి గ్రూపులో వాగు కబురు రాసేది. నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయి, రంగు ఎలా ఉంది, రాళ్లు దొర్లే చప్పుడు ఉందా లేదా. ఆ కొండ మీద వాన పడితే ఫోను మాట కలవదు, అక్షరాలు మాత్రం ఎలాగో దిగుతాయి. కింద వాగు పక్కన ఉన్న నలభై ఇళ్లవాళ్లు ఆ రెండు కబుర్లు చూసుకునే నిద్రపోవడం, నిద్ర లేవడం.

అక్టోబరు మొదటి వారంలో రుబియేలా కొంచెం పొడుగ్గా రాసింది. పై మలుపులో గోడకి చీలిక వచ్చిందని, అటు పిల్లల్ని పంపొద్దని. తొమ్మిది వరసల్లో పదకొండు తప్పులు. ఎదిల్మా పదకొండూ దిద్దింది, ఒక్కోదానికి ఒక్కో చుక్క గుర్తుతో, ఒకదాని కింద ఒకటి. ఎవరో నవ్వే మొహాలు పెట్టారు. ఇంకెవరో కుర్ర వెధవ సున్నా మార్కులు వేసిన పరీక్ష కాగితం బొమ్మ పెట్టాడు. దానికి ఇరవై మంది నవ్వారు.

మర్నాడు పొద్దున ఆరింటికి రుబియేలా బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టింది. ఆ మర్నాడు అదీ లేదు.

ఎనిమిది రోజులు గడిచాయి. వానలు ముదిరాయి. పై కబురు తెలియక కిందివాళ్లు గొడుగులు వేసుకుని గంటకోసారి వాగు గట్టుకి పోయి తొంగి చూసి వస్తున్నారు. తొమ్మిదో రోజు నోరిదా కొట్లో దోన్ అర్సెసియో ఎదిల్మాని పట్టుకున్నాడు.

"ఏం దోన్యా, చల్లగా ఉన్నారా? పైన మనకి రెండు కళ్లు ఉండేవి. కామాలు పెట్టి పొడిచేశారు."

"నేను ఆవిణ్ణి ఏమీ అనలేదు. రాసినదాన్ని సరిచేశాను."

"అదేనండీ అనడం. నేను బట్ట కొలుస్తూ కొలుస్తూ మీ నడుం ఎంతో నలుగురిలో అరిచి చెప్తే ఊరుకుంటారా? కొలతే గదా, నిజమే గదా."

నోరిదా రొట్టెలు పొట్లం కడుతూ తల ఎత్తలేదు. "మా అత్తగారు కూడా గ్రూపులో రాయడం మానేసింది. మీకు భయపడి," అంది మెల్లగా. "నేను చెప్పకూడదనుకున్నా. అడిగారు కాబట్టి చెప్తున్నా."

ఎవరూ అడగలేదు. ఎదిల్మాకి మొహం మీద కొట్టినట్టయింది. ఇంటికి పోయి ఆ పదకొండు చుక్కలూ మళ్లీ చూసుకుంది. ఒక్క దిద్దుబాటూ తప్పు కాదు. అదే ఆవిడకి మింగుడు పడలేదు. అన్నీ సరిగ్గా చేసి కూడా మనిషి ఇంత తప్పు ఎలా చేస్తుందని ఆ రాత్రంతా దొర్లింది.

మర్నాడు వాన కాస్త తెరిపి ఇవ్వగానే జున్ను రొట్టెలు కొనుక్కుని మెట్లు ఎక్కింది. నాలుగుచోట్ల కూర్చుంటే గానీ పైకి చేరలేదు. రుబియేలా గుమ్మంలో బూట్ల బురద గీకుతోంది.

"ఈ మోకాళ్లతో ఎందుకొచ్చారు దోన్యా? కబురు పెడితే నేనే దిగేదాన్ని గదా."

"దేంతో పెట్టను? నువ్వు గ్రూపు చూడ్డం మానేశావుగా."

రుబియేలా లోపలికి పోయి వేడి బెల్లం నీళ్లు తెచ్చింది, అక్కడి అలవాటు ప్రకారం అందులో జున్నుముక్క వేసి. ఇద్దరూ కాసేపు తాగారు.

"మా అమ్మాయి చూసిందండీ ఆ పరీక్ష కాగితం బొమ్మ," అంది రుబియేలా. "దాని క్లాసు పిల్లలూ చూశారంట. నేను రాసేది సగం రాసి, చెరిపి, మళ్లీ రాసి పెడతాను. అరగంట పడద్ది నాకు. అంత కష్టపడి నవ్వించుకోడమెందుకు? ఇంకెవరినైనా చూసుకోండి."

"ఇంకెవరున్నారు ఇక్కడ?"

"లేరు లెండి."

ఎదిల్మాకి క్షమించమని అడగడం వచ్చు గానీ అలవాటు లేదు. రొట్టె తుంచింది, మళ్లీ పెట్టేసింది. "అమ్మాయ్, నాది తప్పు," అంది చివరికి. "నీకు అక్షరం తెలియదని కాదు నేను దిద్దింది. నాకు ఇంకేం చేయడం తెలియక."

రుబియేలా గ్లాసు కింద పెట్టింది. "పోనీ ఒక పని చేద్దాం. నేను మీకు రాస్తాను, మీకు ఒక్కరికే. మీరు బాగు చేసి అందరికీ పెట్టండి. నవ్వేవాడు మిమ్మల్ని చూసి నవ్వడుగా."

ఎదిల్మా మెట్లు దిగుతుంటే మోకాళ్ల నొప్పి తెలియలేదు. మళ్లీ ఇద్దరు మనుషుల పని దొరికింది. ఇంతకు మించిన సంతోషం ఆ బల్ల తీసేశాక ఆవిడ ఎరగదు.

మూడు వారాలు ముచ్చటగా సాగింది. ఆరింటికీ మూడింటికీ రుబియేలా కబురు దిగడం, ఎదిల్మా దాన్ని కడిగి ఆరబెట్టి గ్రూపులో పెట్టడం. తప్పులు ఏవో రుబియేలాకి విడిగా రాసేది. రుబియేలా కూడా పట్టుదలగా నేర్చుకుంటోంది. పదిహేను తప్పులు పన్నెండయ్యాయి, పన్నెండు తొమ్మిదయ్యాయి. పేట నిమ్మళించింది. దోన్ అర్సెసియో సైతం దారిలో టోపీ ఎత్తాడు.

నవంబరులో ఒక మంగళవారం. మూడు రోజులుగా ఎడతెరిపి లేని వాన. మధ్యాహ్నం రెండూ నలభై ఒకటికి, వేళ కాని వేళ, ఎదిల్మా ఫోను మోగింది. రుబియేలా ఇలా రాసింది:

"దోన్యా వాగు ఆగి పోయింది వాన పడుతోంది కాని నీల్లు రావటం లేదు పైన ఎక్కడో మట్టి విరిగి అడ్డం పడింది అని పిస్తోంది అది తెగితే అంతా కిందకే వస్తుంది అంధరినీ బయటికి లెపండి ముసలి వాళ్లని ముందు"

ఎదిల్మా కళ్లజోడు సర్దుకుంది. పెన్సిలు పట్టినట్టే చూపుడువేలు అక్షరాల మీద ఆనించింది. 'ఆగిపోయింది' కలపాలి. కానీలో దీర్ఘం. నీళ్లు. అనిపిస్తోంది, ఇదీ కలపాలి. అందరినీ, ఒత్తు అక్కర్లేదు. లేపండి. ముసలివాళ్లని. లెక్కపెట్టుకుంది, ఏడు. తొమ్మిదినుంచి ఏడుకి దిగింది పిల్ల. ఆవిడకి ముచ్చటేసింది. ముందు ఆ మాట చెప్పాలనిపించి రాసింది: "చాలా బాగుంది అమ్మాయ్. ఈసారి ఏడే." కింద ఏడూ వరసగా పెట్టింది. పంపింది.

ఇక గ్రూపులో పెట్టడానికి శుభ్రంగా తిరగరాయసాగింది. మొదటి వాక్యం ఎక్కడ ఆపాలో తేలలేదు. 'వాగు ఆగిపోయింది' తర్వాత కామానా, ఫుల్‌స్టాపా? ఇలాంటి సందేహం వస్తే అచ్చు బల్ల దగ్గర హిల్దార్దోని మళ్లీ చదవమనేది. ఇప్పుడు ఆయన లేడు. తనే పైకి చదువుకుంది, ఆయన గొంతున.

"వాగు ఆగిపోయింది, కామా, వాన పడుతోంది కానీ నీళ్లు రావటం లేదు."

అప్పుడు వినపడింది. అంతదాకా కళ్లకి కనపడింది అక్షరాలే. ఇప్పుడు చెవిన పడింది, రుబియేలా చెబుతున్నది. కిటికీ అవతల మూడు రోజులుగా హోరెత్తుతున్న వాగు చప్పుడు చేయడం లేదు. ఎంతసేపటినుంచి లేదో ఆవిడకి తెలియదు.

వేలు ఎక్కడో తగిలింది. రాసినదంతా పోయింది, మళ్లీ మొదలుపెట్టింది. తొందర వేళ్లకి అక్షరాలు అందలేదు. చివరికి గ్రూపులో పడింది ఇది: "అంధరూ బైటికి రండీ వాగు ఆగింధి పైన తెగుతుంది ముసలి వాల్లని ముందు". రెండూ నలభై ఏడు. చివర ఫుల్‌స్టాప్ కూడా లేదు. చెప్పులు వేసుకోకుండానే సందులోకి పరిగెత్తి తలుపులు బాదడం మొదలుపెట్టింది.

బాదాల్సిన తలుపులు ఎక్కువ మిగల్లేదు. అప్పటికే జనం బయటికి వస్తున్నారు. ఇలాంటి కబురు ఇంకెవరు పెట్టినా సగం మంది కిటికీలోంచి చూసి, చూద్దాంలే అనుకునేవారు. పెట్టింది ఎదిల్మా. దోన్ అర్సెసియో ముందు ఆవిడ ఫోను ఎవరో దొంగిలించారనుకున్నాడట. మళ్లీ చూశాడట. ఆ మనిషి ఇన్ని తప్పులు రాసి, వెనక్కి వచ్చి దిద్దుకోలేదంటే ఇల్లు మునుగుతోందన్నమాటే అని, మంచంలో ఉన్న తన అత్తగారిని వీపున వేసుకుని బయటపడ్డాడు. నోరిదా పొయ్యి ఆర్పకుండానే పరిగెత్తింది.

మూడింటికి వాగు వచ్చింది. నీళ్లు కావు, మట్టీ చెట్లూ బండలూ కలిసి దిగాయి. కాలిబాట వంతెన పోయింది. ఎదిల్మా వంటిల్లు పోయింది. అర్సెసియో కొట్టు గోడలతో సహా పోయింది. మనిషి మాత్రం ఒక్కరు పోలేదు.

సాయంత్రం అయిదింటికి బడి హాల్లో అందరికీ దుప్పట్లూ వేడి బెల్లం నీళ్లూ పంచారు. ఎదిల్మా చుట్టూ జనం చేరారు. ఎవరో శాలువా కప్పారు. నోరిదా అత్తగారు వచ్చి చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఎదిల్మా ఎవరికీ సరిగ్గా మొహం చూపించలేదు. మొహమాటం అనుకున్నారు.

అప్పుడే రుబియేలా వచ్చింది, మోకాళ్ల దాకా బురదతో, కూతురి చెయ్యి పట్టుకుని. హాలంతా లేచి నిలబడింది. అర్సెసియో ఎదురెళ్లి ఆమెకి కుర్చీ వేశాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, నీకు దండం పెట్టాలి. అడక్కూడదు గానీ అడుగుతున్నాను. అత్తగారిని దింపి మళ్లీ వెనక్కి పోయాను, గుండీ కాజాలు కుట్టే మిషను కోసం. మా నాన్నది. అది లేకపోతే నాకు బతుకు లేదు. గుమ్మం దాకా లాగాను. ఇంకొక్క అయిదు నిమిషాలుంటే బయటేసేవాణ్ణి. వాగు ఆగడం నువ్వు ఎప్పుడు చూశావమ్మా?"

రుబియేలా కళ్లు ఒక్క క్షణం ఎదిల్మా వైపు పోయి వచ్చాయి. ఆమె ఫోను ఆమె జేబులో ఉంది. అందులో 'చాలా బాగుంది అమ్మాయ్, ఈసారి ఏడే' అని ఉంది.

"చూడ్డం ముందే చూశానండీ," అంది. "రాయడమే నాకు ఆలస్యం. ఒక్కో అక్షరం వెతుక్కోవాలి గదా. నాదే తప్పు. ఏమనుకోకండి."

"అయ్యో, నిన్నేమంటాం?" అన్నారెవరో. "మూడో తరగతి చదివిన పిల్ల, పాపం, ఎంతని రాస్తుంది?" అని ఇంకొకరు. పాపం, పాపం అని హాలంతా పాకింది. కూతురు తల దించుకుని నేల చూస్తోంది.

ఎదిల్మా శాలువా తీసి కుర్చీ మీద పెట్టి లేచింది.

"రుబియేలా రెండూ నలభై ఒకటికి రాసింది," అంది. పెద్దగా అనలేదు గానీ అందరికీ వినపడింది. "నాకు అప్పుడే చేరింది. నేను మీకు చెప్పింది నలభై ఏడుకి. ఆ ఆరు నిమిషాలూ నా దగ్గరే ఉంది."

నోరిదాకే నోరు పెగిలింది. "ఆరు నిమిషాలు ఏం చేశారు దోన్యా?"

"దిద్దాను."

అర్సెసియో ఆవిణ్ణి చూస్తూ నిలబడ్డాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. "ఎన్ని ఉన్నాయి?" అని అడిగాడు.

"ఏడు."

ఆయన తల ఊపాడు, కొలత రాసుకున్నట్టు. తన గ్లాసు తీసుకుని హాలు అవతలి చివరికి పోయి, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. ఆయన వెనకాలే ఒక్కొక్కరూ పక్కకి తప్పుకున్నారు. ఎదిల్మా చుట్టూ బెంచీ ఖాళీ అయింది. ఆవిడకి ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే ఎవరైనా జాలిపడతారేమోనని దిగమింగుకుంది.

కొంతసేపటికి రుబియేలా వచ్చి పక్కన కూర్చుంది. కూతుర్ని నోరిదా దగ్గర వదిలి వచ్చింది.

"ఎందుకు చెప్పారు? నేను సర్దేశాను గదా."

"సర్దావు. నిన్ను పాపం అన్నారు, నీ పిల్ల ముందు. నేను వినలేకపోయాను."

రుబియేలా బూటు అంచున ఎండుతున్న మట్టిని గోటితో గీకింది. "కోపం వచ్చింది నాకు," అంది. "ఆ ఏడు చుక్కలూ చూడగానే. నేనే అందరికీ రాద్దామని అక్షరాలు వెతుక్కుంటూ కూర్చున్నా. ఫోను కొండలోకి విసిరేద్దామనుకున్నా."

"విసరాల్సింది."

"రేపు పొద్దున ఎవరికి రాయను మరి? మీకా?"

"నాకొద్దు. అందరికీ రాయి, నేరుగా."

"నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వేవాళ్లు కూడా పరిగెత్తుతారు."

రుబియేలా చేతి బురద దుప్పటికి తుడుచుకుంది. తర్వాత ఫోను తీసి, పైన వాన తగ్గిన సంగతి గ్రూపులో రాయడం మొదలుపెట్టింది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. పక్కనే కూర్చున్న ఎదిల్మా మొహం గోడ వైపు తిప్పుకుని, ఆమె రాయడం అయ్యేదాకా అటే చూస్తూ ఉండిపోయింది.